చెవితో చదివిన పంతులు

హైదరాబాదు నుండి వికారాబాదు పోయే బాట పాత మర్రిచెట్ల నీడకు పేరుపడినది. ఆ బాట మీద మొదట మొయినాబాదు, దానిని దాటి మరికొంత దూరం పోతే చేవెళ్ల వస్తాయి. చుట్టుపట్ల పొలాలలో పండిన టమాటాలు, ఆకుకూరలు, పూలు ఈ బాటనే నగరానికి చేరుతాయి. ఆ పొలాల నడుమనే ఇప్పుడు ఇంజనీరింగు కళాశాలలు ఒకదాని సరసన ఒకటి వెలిశాయి. వాటికి చేరువలోనే చిలుకూరు ఉంది. అమెరికా వీసా కోరి వచ్చే విద్యార్థులు అక్కడి బాలాజీ స్వామికి 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరిన తరువాత తిరిగి వచ్చి 108 ప్రదక్షిణలు చేసి మొక్కు చెల్లిస్తారు. స్వామితో ఏ భాషలో మొరపెట్టుకున్నా చెల్లుతుంది. వీసా అధికారి ముందు నిలబడి తడుముకోకుండా నాలుగు మాటలు చెప్పవలసివచ్చినప్పుడే చిక్కంతా.

ఆ కళాశాలలకు వచ్చే పిల్లలలో చాలమంది సేద్యగాండ్ర బిడ్డలు. పది పన్నెండేండ్లు ఇంగ్లీషు చదివి వచ్చినవారే. కర్తరి వాక్యమిచ్చి కర్మణిలోనికి మార్చమంటే నిమిషంలో మార్చగలరు. మీది ఏ ఊరు, మీ నాన్నగారు ఏ పంట వేస్తారు అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం నోరు పెగలదు. ఇది తెలివితక్కువతనం కాదు, సోమరితనమూ కాదు. విశ్వవిద్యాలయం వారు మొదటి సంవత్సరంలోనే ఇంగ్లీషుకు ఒక ప్రయోగశాల ఏర్పాటు చేయించారు. చెవులకు తగిలించుకొనే యంత్రాలున్నవి, ధ్వనుల పట్టికలున్నవి. అయినప్పటికీ ఆ గంటకు పాఠం సిద్ధం చేసుకొనే అధ్యాపకుని ముందు పాత ప్రశ్నే నిలుచుంటుంది: ఒక భాషను మాట్లాడడానికి నేర్పవలెనంటే దేనితో మొదలుపెట్టాలి? వ్యాకరణంతోనా, పుస్తకంతోనా, మాటతోనా?

తెలుగుదేశంలో ఈ ప్రశ్నను నూరేండ్లకు పైబడిన కాలం క్రిందటనే శాస్త్రీయంగా పట్టించుకొని, సమాధానాన్ని కాగితం మీదనే గాక అడవిలో, బడిలో పరీక్షించి చూచిన మహనీయుడు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు. ఆయన పేరు వినని ఉపాధ్యాయుడు లేడు. కాని ఆయనను మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగానే ఎరుగుదుము. భాషలు నేర్చుకోవడంలోను, నేర్పడంలోను ఆయన సాధించినది ఆ ఖ్యాతి వెనుక మరుగుపడింది. నిజానికి ఆ ఉద్యమం పుట్టినదే ఈ బోధనా ప్రశ్న కడుపులో నుండి.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూ శాఖలో ఉద్యోగి. 1875లో ఆయన జ్వరంతో మరణించడంతో పండ్రెండేండ్ల బాలుడు మేనమామ పంచన చేరవలసి వచ్చింది. తరువాత విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదువు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఒకే బల్ల వద్ద పెరిగిన ఆ ఇద్దరూ ముప్ఫై ఏండ్ల తరువాత ఒకే పోరాటంలో నిలువబోతున్నారని అప్పటికి ఎవరికి తెలుసు? 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణులైనారు. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా కుదిరారు. చెప్పవలసిన పాఠం చరిత్ర. చెప్పవలసిన తరగతి మొదటి ఫారం.

జీవితంలో ఎక్కువ భాగం ఆయన ఆ పర్లాకిమిడిలోనే గడిపారు. కళాశాలకు పోయి చదివే భాగ్యం లేకపోవడంతో పగలు పాఠాలు చెబుతూ ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలకు నిలిచి గెలిచారు. రాజావారి పాఠశాల కళాశాల అయినప్పుడు అందులో బోధించే యోగ్యత సంపాదించారు. ముఖలింగ దేవాలయాలలో శాసనాలు కనిపిస్తే, చదివి చెప్పేవారు లేరని ఊరుకోక ఆ లిపిని తనంత తానే పట్టుకున్నారు; కళింగ గాంగరాజుల తామ్రశాసనం ఆయన పరిష్కరించగా ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయింది. గురువు లేనిదే విద్య రాదనే మాట ఈయన విషయంలో పూర్తిగా పొసగదు.

అయితే లిపి చదవడం కంటితో చేసే పని. చెవితో చేయవలసిన పని ఆయనకు సవరల వల్ల సంప్రాప్తమైంది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. పోడు వ్యవసాయం చేసుకొంటూ సంతకు దిగివచ్చే ఆ జనానికి పల్లపు వర్తకులతో, కచేరీలతో, పోలీసులతో నిత్యం వ్యవహారముండేది. వారి భాష అక్కడి తెలుగువారికి గాని, ఒరియావారికి గాని తెలియదు. తెలుగుకు, ఒరియాకు దానితో చుట్టరికమే లేదు. అది ముండా కుటుంబానికి చెందినది. నడుమ దుబాసీలు చెప్పినదే సవరలకు దిక్కు. ఇట్టి జనానికి చదువు చెప్పవలెనంటే ముందు వారి భాష నేర్వవలెనని రామమూర్తిగారికి తోచింది. ఆనాటి విద్యావంతులకు సాధారణంగా తోచే ఆలోచన కాదిది. అడవిజాతివారే తెలుగో ఇంగ్లీషో నేర్చుకోవాలిగాని పట్టణంలోని పంతులు వారి భాష నేర్వడమేమిటని లోకం నవ్వే కాలం అది.

ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. ఈ లేమియే ఆయనకు మేలు చేసింది. వ్యాకరణముంటే అందరివలె ఆయనా సూత్రాలతో మొదలుపెట్టేవారేమో. అవి లేవు గనుక మాట్లాడే మనిషిని వెదకక తప్పలేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తెచ్చి తన ఇంటనే ఉంచుకున్నారు. అతడు అన్నది వినడం, విన్నది తిరిగి అనడం, అన్నది అతనికి అర్థమయ్యేదాకా సరిదిద్దుకోవడం, ఆ తరువాత మాత్రమే వ్రాసుకోవడం — ఇదే ఆ చదువు. ఒక్కొక్క మాటను విడిగా పట్టుకొంటే లాభం లేదని, వాక్యమే భాషకు ప్రాణమని అనుభవం వల్ల గ్రహించారు. కొండలెక్కి సవర పల్లెలకు పోయి వారి కథలు, పాటలు పోగుచేశారు. ఇట్లా సంవత్సరాల తరబడి కూడిన వాక్యాల రాశి నుండి వ్యాకరణం తనంత తానే తేలివచ్చింది. ముందు సూత్రం, వెనుక ఉదాహరణ అనే మన పాఠశాలల వరుస అక్కడ తలక్రిందులయింది.

సవరల నోట పలికే ధ్వనులు కొన్ని తెలుగు అక్షరాలలో ఇమడవు. కంఠాన్ని తటాలున బిగబట్టి పలికే అచ్చులు వారికున్నాయి. తెలుగు చెవి మొదట వీటిని వినదు. తనకు తెలిసిన ధ్వనులలో దగ్గరగా ఉన్నదానిని పెట్టుకొని తృప్తిపడుతుంది. రామమూర్తిగారు అట్లా తృప్తిపడలేదు. ధ్వనిశాస్త్ర గ్రంథాలు తెప్పించి చదివి, నోటిలో ఏ ధ్వని ఎక్కడ పుడుతున్నదో పరిశీలించి, దానికి తగిన గుర్తులు కల్పించుకున్నారు. ఆయన కుమారుడు సీతాపతిగారు కూడ ఈ పరిశ్రమలో పాలు పంచుకున్నారు.

తరువాత పాఠాలు. సవర పిల్లల కోసం వాచకాలు వ్రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవరలకు సవరభాషలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను 1911లో ప్రచురించింది. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, అది తన కక్కరలేదనీ ఆ సొమ్ముతో సవరలకొక బడి పెట్టించమనీ ఆయన కోరారు. ఆస్తిపాస్తులు లేని బడిపంతులు వదులుకున్న సొమ్మది. 1913లో ప్రభుత్వం ఆయనకు రావు సాహెబు బిరుదమిచ్చింది.

సవరల కొండలు ఆయన వద్ద పుచ్చుకున్నదీ తక్కువ కాదు. మన్యపు జ్వరం ఆయనను విడిచిపెట్టలేదు. జ్వరానికి మందు క్వినైను. ఆ క్వినైను ఆయన వినికిడిని క్రమంగా హరించింది.

ఇక 1906. ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలలకు జె. ఏ. యేట్సు అనే ఆంగ్లేయుడు తనిఖీ అధికారిగా వచ్చాడు. ఆ కాలానికి ఐరోపాలో భాషాబోధన పెద్ద మార్పునకు లోనవుతున్నది. గ్రీకు, లాటిను వంటి ప్రాచీన భాషలను సూత్రాలు, అనువాదాల మూలంగా నేర్పినట్లే ఫ్రెంచినీ జర్మనునూ నేర్పడం వల్ల, ఏండ్ల తరబడి చదివిన పిల్లవాడు కూడ ఆ దేశంలో దిగి రొట్టె అడిగి కొనుక్కోలేకపోతున్నాడని అక్కడివారే మొరపెట్టారు. 1882లో జర్మనీలో విల్హెల్ము ఫీటరు ఈ పద్ధతి మీద తిరుగుబాటు ప్రకటిస్తూ ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. 1886లో పారిస్ నగరంలో కొందరు ఉపాధ్యాయులు చేరి ధ్వనిశాస్త్ర సంఘమొకటి స్థాపించారు; నేడు నిఘంటువులలో ఉచ్చారణ చూపే గుర్తులకు మూలం వారే. ఇంగ్లండులో హెన్రీ స్వీటు 1899లో భాషలను ఆచరణలో నేర్చుకొనే విధానాన్ని గూర్చి గొప్ప గ్రంథం వ్రాశాడు. డెన్మార్కులో ఒటో యెస్పర్సను అదే దారిలో నడిచాడు. వీరందరి మాటా ఒక్కటే: జీవద్భాషకు మూలరూపం మాట, వ్రాత దాని ప్రతిబింబం. కనుక చెవి, నోరు ముందు. కన్ను, చేయి తరువాత.

ఈ ప్రత్యక్ష పద్ధతి మీద మక్కువ గల యేట్సు తెలుగు తరగతులలో కూర్చొని చూశాడు. ఉపాధ్యాయుడు ఒక వస్తువు చూపి అడుగుతాడు, పిల్లవాడు తన నోటికి సహజమైన మాటలో జవాబు చెబుతాడు. బల్ల మీద పుస్తకం ఉంది అంటాడు. పుస్తకం మాత్రం కలదు అనమంటుంది. వస్తున్నాడు అంటే తప్పు, వచ్చుచున్నాడు అనాలి. పరాయి భాషలకోసం పుట్టిన పద్ధతిని తల్లిభాషకు ప్రయోగించి చూడగా, ఆ పిల్లలకు బడిలో చెబుతున్న తెలుగే ఒక పరాయి భాష అని బయటపడింది! తెలుగు అసలు సజీవ భాషేనా అని ఆ దొరకు అనుమానం కలిగింది. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారితో తన సందేహం చెప్పుకోగా, దీనిని తీర్చగలవారు గురజాడ, గిడుగు మాత్రమేనని ఆయన చూపించాడు. ఒక ఆంగ్లేయుడు, ఒక తమిళుడు, ఇద్దరు తెలుగువారు కలిసి చేసిన ఆ చర్చలే వ్యావహారికోద్యమానికి అంకురార్పణ.

రామమూర్తిగారు స్వీటు, యెస్పర్సను గ్రంథాలు చదివినప్పుడు వారి సిద్ధాంతం ఆయనకు కొత్త ఉపదేశంగా తోచివుండదు. సవరభాష విషయంలో తాను చేసినదానికి అది శాస్త్రసమ్మతి. మన విద్యాచరిత్రలో ఈ ఘట్టానికి తగినంత గుర్తింపు రాలేదు. గ్రాంథిక వ్యావహారిక వాదాల హోరులో, ఇరుపక్షాల పండితులూ వ్రాతభాష ఏదైయుండవలెననే సంగతినే పట్టుకున్నారు. భాష నేర్పవలసిన క్రమమేది అనే సగం నేలపాలయింది. తెలుగు వ్రాతలో రామమూర్తిగారి పక్షం గెలిచింది. ఇంగ్లీషు తరగతిలో మాత్రం ఆయన ఓడించిన పద్ధతే నేటికీ గద్దె మీద ఉన్నది.

ఆయన సవర ధ్వనులతో పడిన పాటును ఎదుట పెట్టుకొని మొయినాబాదు తరగతిగదిలో వినిపించే ఇంగ్లీషును విచారిస్తే, సంభాషణ పాఠం దేనితో మొదలుకావలెనో తెలిసిపోతుంది. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అందుచేత బస్, కార్ అనేవి బస్సు, కారు అవుతాయి. తెలుగులో అది దోషం కాదు, ఆ మాటలను మనం ఇంటికి తెచ్చుకున్నామని గుర్తు. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు అదే అలవాటు నాలుకను పట్టుకొంటే ప్రతి మాటా ఒక ఉకారపు తోకతో వస్తుంది. ఎగ్ అనవలసినచోట యెగ్, ఓన్ అనవలసినచోట వోన్ వినిపిస్తాయి. పడమరకు ఇంగ్లీషు మాటా, చొక్కా లోపల తొడిగే ఉడుపుకు ఇంగ్లీషు మాటా మన లిపిలో ఒక్క తీరుగనే వెస్ట్ అని వ్రాస్తాము. ఇంగ్లీషువాడి నోట మొదటిదానికి పెదవులు గుండ్రంగా చుట్టుకొంటాయి, రెండవదానికి పైపళ్లు క్రింది పెదవిని తాకుతాయి. మంచుగడ్డకు, కన్నులకు ఉన్న భేదం చివరి ధ్వనిలోని నాదం మీద ఆధారపడివుంది. సవరల బిగబట్టిన అచ్చును తెలుగు చెవి విననట్లే, ఈ భేదాలను కూడ మన చెవి మొదట వినదు. వినని భేదాన్ని నోరు ఎట్లా పలుకుతుంది? కాబట్టి మొదటి వారాలు పలికించడానికి కాదు, వినిపించడానికి.

ఊనిక సంగతి ఇంకా సూక్ష్మం. తెలుగులో అక్షరాలు ఇంచుమించు సమానమైన బలంతో నడుస్తాయి. ఇంగ్లీషులో ఒక అక్షరం మీద బరువు పడి మిగిలినవి నలిగిపోతాయి. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి అక్షరం మీద పడే ఊనిక, ఫొటోగ్రఫీ అనేసరికి రెండవదాని మీదికి దూకుతుంది. దానితో అచ్చుల రూపమే మారిపోతుంది. మన పిల్లలు అన్నిటినీ సమంగా పలికి, మాటలు సరైనవే అయినా వినేవారికి అందకుండా చేసుకొంటారు. వాక్యరచన అంతకన్న మొండిది. తెలుగులో ప్రశ్న వేయడానికి వాక్యం చివర ఒక ఆకారం చేరిస్తే చాలు: వచ్చాడు అన్నది వచ్చాడా అవుతుంది. కదా అనే ఒక్కమాట అన్ని వాక్యాలకూ సరిపోతుంది. ఇంగ్లీషు ప్రశ్నలో క్రియ లేచి కర్త ముందుకు నడుస్తుంది; కదా అనడానికి ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క రూపం. ఈ పరివర్తనాన్ని సూత్రంగా చెబితే విద్యార్థి పరీక్షలో వ్రాస్తాడు, సంభాషణలో మరచిపోతాడు. ఎదురెదురుగా ఇద్దరిని కూర్చోబెట్టి, పొలం గురించి, బస్సు గురించి, నిన్న కురిసిన వాన గురించి వంద ప్రశ్నలు ఒకరినొకరు అడిగించితేనే అది నాలుకకు అలవడుతుంది. రామమూర్తిగారు తన సవర గురువుతో చేసినది అచ్చముగా ఇదే.

ఇందులో మరొక మెలకువ ఉంది. సవరలకు విద్య చెప్పడానికి ఆయన వారి భాషను ఒదిలించలేదు. దాని మీదనే కట్టారు. చేవెళ్ల విద్యార్థికి ఇంగ్లీషు నేర్పడానికి అతని తెలుగును, అందునా ఇంట మాట్లాడే తెలంగాణపు తెలుగును చిన్నబుచ్చవలసిన పని లేదు. తరగతిలో తెలుగు మాట దొర్లితే జరిమానా విధించే బడులు సిగ్గును నేర్పుతాయి గాని ఇంగ్లీషును నేర్పవు. తన భాష పలుకుబడికి తానే సిగ్గుపడేవాడు మరొక భాషలో నోరు తెరవడానికి జంకుతాడు.

మరల పంతులుగారి కథకు వద్దాము. యేట్సు ప్రోత్సాహంతో ఆయన ఉపాధ్యాయుల సభలలో ఈ విషయం బోధించసాగారు. 1911లో కళాశాల ఉద్యోగం నుండి విరమించి, మిగిలిన జీవితమంతా ఈ పనికే ధారపోశారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని వాడుకభాషలోనైనా వ్రాయవచ్చునని అధికారులు అనుమతించగానే పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులుగారు ప్రతిపక్షానికి నాయకులు. ఆయనా సామాన్యుడు కాడు. శాసన పరిశోధకుడు, ఆంధ్ర సాహిత్య పరిషత్తును నెలకొల్పినవారు. సభలు, కరపత్రాలు, మహజర్లు సాగాయి. 1914లో గురజాడవారు తమ భిన్నాభిప్రాయాన్ని సుదీర్ఘంగా వ్రాసి విశ్వవిద్యాలయానికి సమర్పించారు. ప్రభుత్వం తుదకు వెనుకంజ వేసింది. 1915 నవంబరులో గురజాడవారు మరణించారు. రామమూర్తిగారికి అది కుడిభుజం విరిగినంత పని.

ఒంటరియైన పంతులుగారు ఎన్నుకొన్న ఆయుధం విచిత్రమైనది. గ్రాంథికవాదులను సిద్ధాంతంతో ఖండించడం చాలించి, వారు వ్రాసిన గ్రాంథికంలోని తప్పులను పోగుచేయసాగారు. సభలకు పుస్తకాల పెట్టెలు మోయించుకొని పోయి, పుటలు తెరచి చూపుతూ గంటల తరబడి ప్రసంగించేవారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే గ్రంథం ఈ సామగ్రితో నిండినదే. మహామహులు కూడ తాము శాసించే వ్యాకరణానికి విరుద్ధంగా వ్రాశారని అందులో నిరూపించారు. పండితులను హేళన చేయడానికే ఆయన ఈ శ్రమ పడ్డారని కొందరు భావించారు, అది అన్యాయం. ఎంతటి ధీమంతునికైనా, చుట్టూ ఎవరి నోటా వినిపించని భాషను కేవలం సూత్రాల బలంతో నిర్దుష్టంగా వాడడం సాధ్యం కాదని చూపడమే ఆయన ఉద్దేశం. ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఈ గ్రంథాన్ని తన శాస్త్రానికి సంబంధించినదిగా చదవదగును. క్రియారూపాల పట్టికలు కంఠస్థం చేసి కూడ మాటలో తడబడే విద్యార్థికీ, భాషాభేషజంలో పట్టుబడిన పండితునికీ రోగం ఒక్కటే: చెవికి అన్నం పెట్టలేదు.

1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. ఆ సంవత్సరమే తెలుగు అనే మాసపత్రికను ఆయన నడిపారు. అది ఏడాదికి మించి సాగలేదు. వీరేశలింగంగారు కూడ ఆ మేలోనే కన్నుమూశారు. అయినా గాలి మారసాగింది. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుకభాష మీది నిషేధాన్ని సడలించింది. నవయువ రచయితలు ఎవరి అనుమతీ అడగకుండానే వాడుకభాషలో వ్రాయడం మొదలుపెట్టారు. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావుగారు పత్రికలలో ఆ భాషను నిలబెట్టినవారిలో ఒకరు.

ఈ హోరులో సవరలను ఆయన మరచిపోలేదు. ఆయన సవరభాషా వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ఇంగ్లీషులో ప్రచురించింది. ఆ గ్రంథనామంలోనే సవరల పేరును వారు పలికినట్లు, దీర్ఘాలకు గుర్తులు పెట్టి అచ్చువేయించారు. పరాయివాడు పెట్టిన పేరు కాక వారి నోటి ధ్వని శీర్షిక మీద ఉండడం చిన్న విషయంగా కనిపించవచ్చును, ఆయనకు కాదు. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. తొలిసారి కొండెక్కినప్పటి నుండి లెక్కిస్తే నలభై ఏండ్ల పరిశ్రమ. ఆ నిఘంటువులోని ప్రతి ధ్వనినీ గుర్తుపట్టిన చెవులు అది అచ్చయ్యేనాటికి చాలవరకు పనిచేయడం మానివేశాయి. ముండా భాషలను పరిశోధించ వచ్చిన విదేశీ పండితులకు తరువాతి కాలంలో సవర విషయంలో మొదటి ఆధారం ఈ రెండు గ్రంథాలే అయినాయి.

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. 1933లో రాజమహేంద్రవరంలో సప్తతి మహోత్సవం జరిగింది. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండి కళాప్రపూర్ణ బిరుదం లభించాయి. నడుమ ఒక పెద్ద గాయం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిపోయింది. దానిని ప్రతిఘటించి ఫలితం కానరాక, యాభై ఆరేండ్లు కాపురమున్న ఊరిని విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరారు. అప్పటికి ఆయనకు 72 ఏండ్లు దాటినవి.

1940 జనవరి 15న మద్రాసులో పత్రికా సంపాదకుల ఎదుట ఆయన చివరిసారి మాట్లాడారు. ఆరోగ్యం క్షీణించింది, వినికిడి లేదు. ప్రజల డబ్బుతో నడిచే పత్రికలు ప్రజల నోటిలోని భాషలో ఉండవలెనని, ఇతర రచయితలు అప్పటికే మారినా పత్రికలు ఇంకా వెనుకబడివున్నవని వారికి నచ్చజెప్పడానికే ఆ ప్రయాసంతా. ఎదుటివారు ఏమి బదులు చెబుతున్నారో ఆయనకు వినిపించే అవకాశం లేదు. వారం గడిచి, జనవరి 22న మద్రాసులోనే ఆయన కన్నుమూశారు.